పిల్లలతో, పెద్దవాళ్లతో కారులో సిటీ ట్రిప్: హోటల్ ఎక్కడ తీసుకోవాలి, ఖర్చు ఎలా లెక్కేసుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరిద్దరూ, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, డెబ్బై దాటిన మీ అమ్మగారు. సొంత కారు ఉంది. సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద నగరానికి వెళ్లి రెండు రాత్రులు ఉండి రావాలి. నగరం నడిబొడ్డున హోటల్ అద్దె, ఊరి చివర హోటల్‌కి ఒకటిన్నర రెట్లు ఉంది. "కారు ఎలాగూ ఉంది కదా, ఊరి చివర దిగి రోజూ కారులోనే తిరిగితే డబ్బు మిగులుతుందా?" అన్నది మీ సందేహం.

నా అనుభవంలో, ఐదుగురు మనుషులకు, రెండే రాత్రులకు, పెద్దగా మిగలదు. మిగిలిన కాస్తకూ మీ ఓపిక అంతకు మించి ఖర్చవుతుంది. పదిహేనేళ్లుగా పిల్లలతో, మా అత్తగారితో కలిసి కారులో ఇలాంటి ప్రయాణాలు చేస్తున్నాను. మొదట్లో నేనూ మీలాగే గది అద్దె ఒక్కటే చూసి బుక్ చేసేదాన్ని. ఇప్పుడు గదిని, కారును కలిపి ఒకే ఖర్చుగా చూస్తాను. కారు మనల్ని నగరం దాకా హాయిగా తీసుకొస్తుంది. నగరంలోకి అడుగు పెట్టాక మాత్రం దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే రోజంతా పనైపోతుంది.

ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఊరి చివర గది రాత్రికి 100, నడిబొడ్డున 150 అనుకుందాం. రెండు రాత్రులకు తేడా 100. ఇప్పుడు ఊరి చివర హోటల్ అద్దె పక్కన రోజూ రానుపోను అయ్యే పెట్రోలు, టోల్ ఉంటే అది, వెళ్లిన ప్రతిచోటా పార్కింగ్ రుసుము రాయండి. రోజుకు రెండు మూడు చోట్లకు వెళ్తే రెండు మూడు సార్లు పార్కింగ్. మధ్యాహ్నం పాపకు నిద్ర వస్తే, అమ్మగారికి కాళ్లు లాగితే, గదికి వెళ్లి వచ్చే వీలుండదు. ఎక్కడో ఒకచోట కూర్చోవాలి, కూర్చుంటే ఏదో ఒకటి కొనాలి. మీ నగరం అంకెలు మీరే వేసుకోండి. నేను వేసుకున్న ప్రతిసారీ ఆ 100లో సగానికి పైగా ఇక్కడే పోయింది. ఇక సమయం సంగతి. పోవడానికి గంట, రావడానికి గంట అనుకున్నా రెండు రోజుల్లో నాలుగు గంటలు. రెండు రోజులూ కలిపి మీకు దొరికే పగటి సమయమే ఇరవై గంటలు. అందులో ఐదో వంతు ట్రాఫిక్‌లో గడుస్తుంది.

అలాగని ఎప్పుడూ నడిబొడ్డునే దిగమని చెప్పను. నాకు బాగా నచ్చే మార్గం మూడోది ఒకటుంది. నగరం మధ్యకు కాస్త బయట, సొంత పార్కింగ్ ఉన్న హోటల్, అక్కడి నుంచి మెట్రో స్టేషన్‌కి ఐదారు నిమిషాల నడక. కారు మూడు రోజులూ హోటల్లోనే ఉంటుంది, తిరగడం అంతా రైల్లో. అద్దె తక్కువ, టెన్షన్ తక్కువ. అయితే ఆ "ఐదారు నిమిషాలు" మ్యాప్‌లో గీత చూసి నమ్మకండి. వీధి ఫొటోలు తెరిచి దారి పొడవునా చూడండి. మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా, ఫుట్‌పాత్ ఉందా, మెట్ల వంతెన ఎక్కాలా అన్నది అక్కడే తెలుస్తుంది. స్టేషన్‌లో లిఫ్ట్ ఉందో లేదో మీ అమ్మగారి కోసం తప్పకుండా చూడాలి. రాత్రి ఆఖరి రైలు ఎన్ని గంటలకో కూడా రాసి పెట్టుకోండి. చాలా నగరాల్లో ఊరి అంచున స్టేషన్ పక్కనే కారు పెట్టి రైలెక్కే 'పార్క్ అండ్ రైడ్' స్థలాలు ఉంటాయి. ఒక్కరోజు ట్రిప్‌కి అవి చాలా బాగుంటాయి. రాత్రి కారు ఉంచనిస్తారో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి, కొన్నిచోట్ల ఒప్పుకోరు.

హోటల్ బుక్ చేసే ముందు ఇంకో విషయం చూడండి. అసలు మీ కారును నగరం లోపలికి రానిస్తారా? రానిస్తే ఎంత కట్టాలి? నగరం మధ్యలోకి కారు తెచ్చినందుకు డబ్బు వసూలు చేసే పద్ధతి సింగపూర్‌లో 1975లోనే మొదలైంది. లండన్‌లో 2003లో, స్టాక్‌హోమ్‌లో 2007లో, మిలాన్‌లో ఇప్పుడున్న పద్ధతి 2012లో వచ్చాయి. న్యూయార్క్‌లో 2025 జనవరి నుంచి మన్‌హాటన్ దిగువ భాగానికి ఇది అమలవుతోంది. లండన్‌లో దీనికి తోడు, పొగ ఎక్కువ వదిలే పాత బండ్లకు విడిగా రుసుము ఉంది. 2023 ఆగస్టు నుంచి అది నగరం మొత్తానికీ వర్తిస్తోంది. జర్మనీలో చాలా నగరాల మధ్య భాగంలోకి వెళ్లాలంటే బండి పొగ తక్కువ వదులుతుందని చూపే ఆకుపచ్చ స్టిక్కర్ అద్దం మీద ఉండాలి. ఇటలీ పాత ఊళ్లలో అనుమతి లేని బండి లోపలికి వస్తే కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది, జరిమానా తర్వాత ఎప్పుడో ఇంటికి వస్తుంది. అక్కడ ఆ హద్దు లోపలే హోటల్ తీసుకున్నవాళ్ల బండి నంబరును హోటల్ వాళ్లు నమోదు చేయించే వీలు చాలాచోట్ల ఉంది, కానీ మనం అడగాలి. వెనిస్‌లో అయితే కారు ఊరి ముఖద్వారం దగ్గరే ఆగిపోతుంది, లోపల రోడ్లే లేవు. మీరు వెళ్లే నగరంలో ఇలాంటివి ఏమున్నాయో నగరపాలక సంస్థ వెబ్‌సైట్లో చూసి, హోటల్‌కి కూడా ఒక ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

ఇక పార్కింగ్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రయాణాల్లో అన్నిటికన్నా కష్టమైన రాత్రి దీనివల్లే వచ్చింది. హోటల్ పేజీలో 'పార్కింగ్ ఉంది' అని రాసి ఉంది, అది చూసి బుక్ చేశాం. రాత్రి ఎనిమిదిన్నరకు చేరాం. పిల్లలిద్దరూ వెనక నిద్రపోతున్నారు. బేస్‌మెంట్‌లోకి దిగే వాలు దగ్గర పైనుంచి గొలుసులతో వేలాడే పసుపు కడ్డీ, దాని మీద '1.90 మీ.' అని రాసి ఉంది. మా కారు ఎత్తు దానికి సరిపోతుంది. కానీ పైన సామాను పెట్టె బిగించి ఉంది. ఆ కడ్డీ పెట్టెకు తగిలి టక్కుమన్నాకే నాకు ఆ సంగతి గుర్తొచ్చింది. వెనకాల అప్పటికే రెండు కార్లు వాలు మీద ఆగి హారన్ కొడుతున్నాయి. మా ఆయన దిగి వాళ్లను ఒక్కొక్కరినీ వెనక్కి పంపించి, నన్ను చేత్తో సైగ చేస్తూ పైకి రప్పించారు. పాప లేచి ఏడుపు మొదలుపెట్టింది. చివరికి రోడ్డు మీదే పెట్టె తాళం తీసి, సామానంతా కిందికి దించి, పెట్టె ఊడదీసి రిసెప్షన్ పక్కన పెట్టించుకునేసరికి పది దాటింది. అప్పటినుంచీ కారు ఎత్తు, పైన పెట్టెతో కలిపి ఎంతో టేపుతో కొలిచి, ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించి ఉంచుతున్నాను.

కాబట్టి బుక్ చేసే ముందు హోటల్‌కి ఫోన్ చేసి అడగండి. పార్కింగ్ మీ సొంతమా, పక్క వీధిలో వేరే వాళ్లదా? నా పేరు మీద స్థలం ఉంచుతారా, ముందు వచ్చినవాళ్లకే ఇస్తారా? ఎత్తు పరిమితి ఎంత? రుసుము రాత్రికా, 24 గంటలకా? మధ్యలో బయటికి తీసి మళ్లీ పెడితే ఇంకోసారి కట్టాలా? చెక్ అవుట్ అయ్యాక మధ్యాహ్నం దాకా ఉంచుకోవచ్చా? ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ పాయింట్ పనిచేస్తోందా అన్నది కూడా. వాళ్లు చెప్పినదాన్ని మెయిల్‌లో గానీ మెసేజ్‌లో గానీ రాసి పంపమనండి. రాతలో ఉంటే రిసెప్షన్‌లో మనిషి మారినా మన మాట నిలుస్తుంది.

గది విషయంలో ఐదుగురు అన్నది ఇబ్బందికరమైన సంఖ్య. నలుగురి దాకా ఒకే ఫ్యామిలీ రూమ్ దొరుకుతుంది. ఐదో మనిషి రాగానే చాలా హోటళ్లలో రెండు గదులు తీసుకోవాల్సిందే. వెతికేటప్పుడు పిల్లల వయసులు తప్పకుండా వేయండి. ఎన్నేళ్ల లోపు పిల్లలకు ఉచితం అన్నది ఒక్కో హోటల్‌లో ఒక్కోలా ఉంటుంది. 'ఉచితం' అంటే విడిగా మంచం ఇస్తారని కాదు, మీ మంచం మీదే పడుకోబెట్టుకుంటే డబ్బు అడగరని మాత్రమే. బ్రేక్‌ఫాస్ట్‌కి ఆ పిల్లలకు విడిగా బిల్లు వేసే హోటళ్లూ ఉన్నాయి.

రెండు గదులు తీసుకుంటే 'కనెక్టింగ్' అన్న మాట వాడి అడగండి. అంటే రెండు గదుల మధ్య లోపలినుంచే తలుపు ఉంటుంది. 'అడ్జాయినింగ్' అంటే పక్కపక్కన ఉంటాయంతే, రాత్రి అమ్మగారి దగ్గరికి వెళ్లాలంటే వరండాలోకి రావాల్సిందే. అమ్మగారు బాబుతో ఒక గదిలో, మీరిద్దరూ పాపతో ఇంకో గదిలో ఉంటే అందరికీ నిద్ర పడుతుంది. అందరూ సరిగ్గా నిద్రపోకపోతే రెండో రోజు ట్రిప్ అంతా చికాకుగా గడుస్తుంది, కాబట్టి ఈ ఖర్చు దండగ అనుకోకండి. ఆవిడ గదికి బాత్‌రూమ్‌లో టబ్ వద్దని చెప్పండి. టబ్ అంచు దాటి దిగడం, ఎక్కడం పెద్దవాళ్లకు ప్రమాదం. గడప లేని షవర్, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉన్న గది అడిగితే చాలాచోట్ల ఇస్తారు. లిఫ్ట్ ఉందా అని మాత్రమే అడిగి ఆపకండి, రోడ్డు నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లు ఉన్నాయో కూడా అడగండి.

రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఐదుగురికీ బాగా కుదురుతుంది. వంటగది, వాషింగ్ మెషీన్ కూడా ఉంటాయి. కాకపోతే శుభ్రం చేసినందుకు ఒకేసారి వేసే రుసుము ఒకటి ఉంటుంది. ఆరు రాత్రులుంటే అది పంచుకుపోతుంది, రెండు రాత్రులకు మాత్రం బరువే. ఆ మొత్తాన్ని సగం చేసి రాత్రి అద్దెకు కలిపి చూశాకే హోటల్‌తో పోల్చండి.

ధర విషయానికి వస్తే, మొదటి పేజీలో కనబడే అంకెను పట్టించుకోకండి, డబ్బు కట్టే ముందు వచ్చే చివరి పేజీలో మొత్తాన్నే పోల్చండి. కొన్ని నగరాల్లో మనిషికి, రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను విడిగా కౌంటర్ దగ్గర తీసుకుంటారు. బుకింగ్ సైట్‌లో నచ్చిన గది దొరికాక హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి. అద్దె తగ్గించకపోయినా పార్కింగో బ్రేక్‌ఫాస్టో కలిపి ఇచ్చిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. ఆఫీసులు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో హోటళ్లు శుక్ర, శని, ఆదివారం రాత్రుల్లో ఖాళీగా ఉంటాయి కాబట్టి అద్దె దిగుతుంది. జనం చూడ్డానికి వచ్చే ప్రాంతాల్లో దీనికి తలకిందులు. మీ తేదీల్లో ఆ నగరంలో పెద్ద ఎగ్జిబిషన్ గానీ మ్యాచ్ గానీ ఉందేమో చూసుకోండి. ఉంటే వారం జరిపితే చాలు, అద్దెలో పెద్ద తేడా కనబడుతుంది.

క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాని ఆఫర్లు చవగ్గా కనిపిస్తాయి. నాలుగేళ్ల పాప, డెబ్బై ఏళ్ల మనిషి ఉన్న ఇంట్లో ఎవరికి ఎప్పుడు జ్వరం వస్తుందో చెప్పలేం, అందుకే నేను వాటి జోలికి వెళ్లను. గడువు లోపు క్యాన్సిల్ చేసుకునే గదినే తీసుకుని, ఆ గడువు తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టుకుంటాను. గడువుకు రెండు రోజుల ముందు మళ్లీ ధరలు చూస్తాను. అదే గది తగ్గి ఉంటే కొత్తగా బుక్ చేసి, పాతది తీసేస్తాను. ఇంకో సంగతి, చెక్ ఇన్ సమయంలో చాలా హోటళ్లు కార్డు మీద కొంత మొత్తాన్ని అడ్వాన్సుగా పట్టి ఉంచుతాయి. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు మీ ఖాతాలో ఉన్నా వాడుకోలేరు, వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. దానికి క్రెడిట్ కార్డు ఇవ్వండి.

పెట్రోలు ఖర్చుకు కంపెనీ చెప్పిన మైలేజీ వేసుకోకండి. ట్యాంకు నిండుగా కొట్టించి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ నిండుగా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మీ కారు అసలు మైలేజీ వస్తుంది. ఐదుగురు, సామాను ఎక్కితే అది ఇంకాస్త పడిపోతుంది. కారు పైన పెద్ద పెట్టె పెట్టారంటే గాలి ఒత్తిడికి హైవే మీద 6 నుంచి 17 శాతం దాకా, ఇంకా వేగంగా పోతే 25 శాతం దాకా మైలేజీ తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క. రెండు రాత్రులకు పైపెట్టె అవసరమే లేదు, మనిషికో చిన్న మెత్తటి సంచి చాలు. గట్టి సూట్‌కేసుల కన్నా మెత్తటి సంచులు డిక్కీలో సందుసందుల్లో ఒదుగుతాయి. టైర్లలో గాలి బయల్దేరే రోజు ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూపించండి. డ్రైవర్ తలుపు తీస్తే లోపల ఉండే పట్టీ మీద నిండు బరువుకు ఎంత గాలి ఉండాలో చాలా కార్లకు విడిగా రాసి ఉంటుంది. స్టెప్నీని కూడా మర్చిపోకండి.

మొత్తం బడ్జెట్‌లో పదో వంతు ముందే పక్కన పెట్టి, అది లేదనుకుని మిగతాదానికి ప్లాన్ వేయండి. మందులకో, పంక్చర్‌కో, అనుకోని పార్కింగ్‌కో అది ఉంటుంది. సిటీ పాస్‌లు, అంటే చాలా చోట్లకు కలిపి ఇచ్చే ఒకే టికెట్లు, కొనే ముందు కాస్త ఆలోచించండి. రోజుకు మూడు నాలుగు చోట్లు తిరిగేవాళ్లకే అవి గిట్టుబాటు. నాలుగేళ్ల పాపతో మీరు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూస్తే గొప్ప. పాపకు చాలాచోట్ల టికెట్టే ఉండదు కాబట్టి పాప పేరుతో పాస్ అసలు కొనకండి. తొమ్మిదేళ్ల బాబుకు రోజుకింత అని చేతికిచ్చి, నీకు నచ్చింది కొనుక్కో, అయిపోతే మళ్లీ అడగకూడదు అని చెప్పి చూడండి. మా వాడు ఆ డబ్బును రెండో రోజు సాయంత్రం దాకా లెక్కపెట్టుకుంటూ జేబులోనే ఉంచుకున్నాడు. దుకాణం ముందు పేచీలు ఆ ట్రిప్‌తోనే ఆగిపోయాయి.

దారి గురించి నాలుగు మాటలు. 350 కిలోమీటర్లంటే ఆగడాలతో కలిపి ఆరు, ఏడు గంటలు వేసుకోండి. వెనక సీట్లో పాప సీటు, బాబు బూస్టర్ (బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు), వాటి మధ్య అమ్మగారు అంటే ఆవిడ నరకం చూస్తారు. ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు బాగా వెనక్కి జరపండి, డ్రైవ్ చేయని వాళ్లు పిల్లల మధ్య కూర్చోండి. తొమ్మిదేళ్లు వచ్చినా బాబు ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు దాటేదాకా బూస్టర్ ఉండాల్సిందే, లేకపోతే బెల్టు మెడ మీదకు, పొట్ట మీదకు వస్తుంది. రెండు గంటలకోసారి కనీసం పావుగంట ఆగండి. ఆగినప్పుడు అమ్మగారిని కారులోనే ఉంచకుండా దించి నాలుగడుగులు నడిపించండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఎవరికైనా కునుకు వస్తుంది. వంద కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను కళ్లు మూతపడితే కారు 28 మీటర్లు తనంతట తానే వెళ్తుంది. అందుకే తెల్లవారి ఆరింటికి బయల్దేరి, ఆ నిద్ర వేళకు ముందే దారి ముగించండి.

రెండు నుంచి పన్నెండేళ్ల వయసులోనే కారులో కడుపు తిప్పడం ఎక్కువ. ఫోన్ చూడనివ్వకుండా, కిటికీలోంచి దూరంగా చూడమనండి. ఖాళీ కడుపూ వద్దు, నిండా పెట్టడమూ వద్దు. మాత్ర వేయాలనుకుంటే పిల్లల డాక్టర్‌నే అడగండి. ఇంకో మాట గట్టిగా చెబుతాను. ఎంత చిన్న పనైనా సరే, పిల్లల్ని ఆగిన కారులో వదలకండి. ఎండలో కారు లోపల పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగిపోతుందని, అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదని 2005లో వచ్చిన అధ్యయనంలో తేలింది.

మధ్యాహ్నం ఒంటిగంటకే చేరిపోతే గది ఇంకా సిద్ధం కాకపోవచ్చు. సంచులు రిసెప్షన్‌లో ఇచ్చి, కారు పార్కింగ్‌లో పెట్టి, తాళాలు మీ చేతిసంచి అడుగున వేసేయండి. కారు లోపల బయటికి కనబడేలా ఏమీ ఉంచకండి, ఖాళీ సంచి కూడా. మళ్లీ మూడో రోజు పొద్దున దాకా దాన్ని కదిలించే పని ఉండకూడదు.

ఆ మూడో రోజు పొద్దున మళ్లీ నగరం మధ్యలో ఏదో చూడాలని పెట్టుకోకండి. తొమ్మిదికల్లా గది ఖాళీ చేసి బయల్దేరండి. జూపార్కో, పెద్ద తోటో, చెరువు గట్టో, ఏదో ఒకటి నగరం అంచున మీ తిరుగు దారిలో ఉంటుంది. అక్కడికి రైళ్లు సరిగా ఉండవు, కారుకు చోటు మాత్రం బోలెడు ఉంటుంది. పిల్లలు గంటన్నర పరిగెత్తి అలిసిపోతే కారెక్కగానే నిద్రపోతారు, మీరు ఇద్దరూ డ్రైవింగ్ మార్చుకుంటూ చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. ఆ చోటు ఏదో, ఆ రోజు దానికి సెలవు కాదు కదా అన్నది ఇప్పుడే చూసి పెట్టుకోండి. చాలా పార్కులు, మ్యూజియాలు వారంలో ఒకరోజు మూసి ఉంటాయి.